జిల్లా కోర్టుల చరిత్ర ఎలా భద్రపరచాలి? రికార్డు గది, బార్ హాలు, పాత వకీళ్ల కట్టలు

నల్లకోటు
అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక పాత జిల్లా కోర్టు. అక్కడి బార్ అసోసియేషన్ కమిటీ కోర్టు చరిత్రనూ బార్ చరిత్రనూ భద్రపరిచే పని తలకెత్తుకుంది. ఇప్పటిదాకా లెక్కకు వచ్చినవి ఇవి: అసోసియేషన్ మినిట్స్ పుస్తకాలు (మొదటి రెండూ గొలుసుకట్టు రాత), గోడల మీద గ్రూప్ ఫోటోలు, లైబ్రరీలో పాత లా జర్నల్స్, దివంగతులైన ఇద్దరు ప్లీడర్ల వారసులు ఇస్తామన్న కేసు కట్టలు. రికార్డు గది కోర్టుది, కానీ జిల్లా జడ్జిగారు సుముఖంగానే ఉన్నారు. ఒక స్కానింగ్ ఏజెన్సీ పేజీ లెక్కన కొటేషన్ ఇచ్చింది. కమిటీలో సగం మంది "ముందు స్కాన్ కొట్టించేద్దాం, మిగతాది తర్వాత" అంటున్నారు. మీరేమంటారు?

గుమాస్తాగిరి
కొటేషన్ పక్కన పెట్టండి సర్. జాబితా లేకుండా స్కాన్ చేస్తే మీ చేతికొచ్చేది "స్కాన్ 00001" మొదలు "స్కాన్ 48000" దాకా బొమ్మలు. 1931 నాటి ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్, అంటే అసలు దావా) 45 అందులో ఎక్కడుందో తేలాలంటే మొత్తం మళ్లీ తెరవాల్సిందే. అప్పటికి ఏజెన్సీ బిల్లు తీసుకుని వెళ్లిపోయి ఉంటుంది.

ఒక్కో కట్టకు ఒక వరుస చొప్పున జాబితా రాయండి. గడులు ఇవి: కట్ట నంబర్, దొరికిన చోటు (గది, ర్యాక్, ఎన్నో అర), కోర్టు పేరు, ఆనాటి పేరుతోనే, కేసు రకం, నంబర్, సంవత్సరం, వాది, ప్రతివాది, తీర్పు తేదీ, షీట్లు ఎన్ని, భాష, లిపి, పరిస్థితి 1 నుంచి 4 దాకా, అట్ట మీద ఉన్న పాత గుర్తులు. చివరి గడిని చాలామంది వదిలేస్తారు. పాత రికార్డ్ కీపర్ ఎర్ర సిరాతో వేసిన నంబర్లు రిజిస్టర్లోని నంబర్లతో కలుస్తాయి, వాటిని కొట్టేసి కొత్తవి రాస్తే ఆ లంకె తెగిపోతుంది. కొత్త నంబర్ 2బి పెన్సిల్‌తో, అట్ట పైన కుడి మూల. పెన్ను వద్దు, స్టిక్కర్ అసలే వద్దు, ఏడాది తిరిగేసరికి జిగురు ఆరి రాలిపోతుంది.

ఇద్దరు కలిసి చేయాల్సిన పని ఇది. ఒకరు చదవాలి, ఒకరు టైపు చేయాలి. ఒకరే రెండూ చేస్తే నంబర్లు తారుమారవుతాయి.

కట్టల కంటే ముందు రిజిస్టర్లు పట్టుకోండి. సూట్ రిజిస్టరు, అప్పీల్ రిజిస్టరు, ఎగ్జిక్యూషన్ రిజిస్టరు, డైరీలు. ఫైలు ధ్వంసమైపోయినా సూట్ రిజిస్టర్లో దాని వరుస మిగులుతుంది. ఎవరు ఎవరి మీద, దేనికోసం, ఎంత విలువకు దావా వేశారు, ఏమైంది, అప్పీల్లో ఏం తేలింది అన్నీ ఆ అడ్డం వరుసలోనే ఉంటాయి. ఒక తాలూకాలో ఏయే ఏళ్లలో ప్రామిసరీ నోటు దావాలు పెరిగాయి, ఎప్పుడు కాలవ నీళ్ల తగాదాలు మొదలయ్యాయి అన్నది చెప్పేది ఆ రిజిస్టరే. పెద్ద తీర్పులు లా జర్నల్స్‌లో ఎలాగూ అచ్చయ్యాయి, వాటికి దిగుల్లేదు.

ఒక జాగ్రత్త. "ఎస్.సి." అని కనిపిస్తే సివిల్ వైపు అది స్మాల్ కాజ్, క్రిమినల్ వైపు సెషన్స్ కేసు. కోర్టు పేరు, కేసు రకం వేర్వేరు గడుల్లో లేకపోతే రెండూ కలగాపులగమవుతాయి.

బందరులడ్డు
గుమాస్తాగిరి గారు చెప్పిన "ఆనాటి పేరుతోనే" అన్న మాట కింద గీత గీసుకోండి. మీ కోర్టు పేరూ, దాని హద్దులూ ఎన్నిసార్లు మారాయో ముందు ఒక పేజీలో రాసుకోకపోతే సగం రికార్డు ఎక్కడ వెతకాలో తెలియదు.

గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. పశ్చిమ గోదావరి 1925లో కృష్ణా నుంచి విడివడింది. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం, ఆ బళ్లారేమో 1953లో మైసూరుకు పోయింది. చిత్తూరు 1911, శ్రీకాకుళం 1950, ప్రకాశం 1970, విజయనగరం 1979. గంజాం 1936లో ఒరిస్సాకు వెళ్లింది, కాబట్టి ఇచ్ఛాపురం వైపు పాత వ్యాజ్యాల జాడ బరంపురంలో తీయాలి. పైగా జిల్లా కేంద్రమూ జిల్లా కోర్టూ ఒకే ఊళ్లో ఉండాలని లేదు. 2022 దాకా తూర్పు గోదావరికి కలెక్టరేట్ కాకినాడ, జిల్లా కోర్టు రాజమండ్రి.

పై కోర్టుల వరుస కూడా రాసుకోండి. 1802 రెగ్యులేషన్ల కింద జిల్లా కోర్టులు, వాటి మీద ప్రొవిన్షియల్ కోర్టులు (ఉత్తర సర్కార్లకు మచిలీపట్నంలో), ఆ పైన మద్రాసులో సదర్ అదాలత్ (అప్పటి పై అప్పీలు కోర్టు). 1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం, 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు, కోకా సుబ్బారావు గారు మొదటి చీఫ్ జస్టిస్. 1956 నవంబర్ 1 నుంచి హైదరాబాద్. 2019 జనవరి 1 నుంచి రెండు హైకోర్టులు. విభజన జరిగినప్పుడల్లా నడుస్తున్న కేసుల కాగితాలు కొత్త కోర్టుకు వెళ్తాయి, ముగిసినవి చాలావరకు పాత చోటే ఉండిపోతాయి. అందుకని 1954కు ముందే తేలిపోయిన మీ జిల్లా అప్పీళ్ల కోసం అమరావతి వైపు కాదు, చెన్నై వైపు చూడాలి. కంపెనీ కాలం నాటి జ్యుడీషియల్ కన్సల్టేషన్లు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

చాలామందికి తట్టని చోటు ఇంకొకటుంది, ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు) పేపర్ బుక్స్. ఇక్కడి నుంచి లండన్‌కు వెళ్లిన ప్రతి అప్పీలుకూ కింది కోర్టు రికార్డంతా ఇంగ్లీషులోకి మార్చి అచ్చేసేవారు. ప్లెయింటు, సాక్షుల వాంగ్మూలాలు, దస్తావేజులు, వంశవృక్షాలు అన్నీ. మచిలీపట్నం కలెక్టరుకూ కవలి వెంకట నారాయణప్పకూ నడిచిన వ్యాజ్యం మూర్స్ ఇండియన్ అప్పీల్స్ 8వ సంపుటంలో ఉంది. హిందూ వితంతువు ఆస్తికి వారసులు లేకపోతే అది సర్కారుకు చెందుతుందా అన్నది అందులో తగువు. 1899లో తేలిన పిఠాపురం జమీందారీ కేసు ఇంకొకటి. జిల్లా కోర్టులో అసలు ఫైలు చెదల పాలైనా లండన్‌లో అచ్చు ప్రతి మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

మీ జిల్లాలో ఏజెన్సీ (గిరిజన ప్రాంత) గ్రామాలుంటే కోర్టు రికార్డు గదిలో వెతికి లాభం లేదు. 1839 గంజాం–విశాఖ చట్టం నుంచి ఆ ప్రాంతంలో న్యాయం చెప్పింది కలెక్టరే, "ఏజెంట్" హోదాలో. ఆ ఫైళ్లు రెవెన్యూ వైపు ఉంటాయి. గ్రామ మున్సబు కోర్టుల పుస్తకాలకూ ఇదే గతి. 1984లో ఆ పదవులు పోయాక చాలావరకు తాలూకా కచేరీలోనో ఆ కుటుంబాల ఇళ్లలోనో మిగిలాయి.

మూసీఒడ్డు
పైదంతా మద్రాసు వైపు కథ. తెలంగాణ జిల్లాలకు లెక్క వేరేనండీ. ఎవరైనా ఇటువైపు పని మొదలుపెడితే ముందు మూడు సంగతులు తెలిసుండాలి.

మొదటిది తేదీలు. నిజాం ఫస్లీ (సర్కారు లెక్కల సంవత్సరం) ఆజర్ నెల ఒకటో తేదీతో, అంటే అక్టోబర్ 6న మొదలైతది. 1353 ఫస్లీ మొదటి రోజు 1943 అక్టోబర్ 6. కాబట్టి ఆజర్, దై, బహమన్ నెలల్లో 590 కలపాలె (డిసెంబర్ 31 దాకా), ఆ తర్వాత 591. "15 ఖుర్దాద్ 1340" అని ఉంటే అది 1931 ఏప్రిల్, 1930 కాదు. ఆంధ్రా వైపు ఫస్లీకి అంకె అదే కానీ సంవత్సరం జూలై 1న మొదలు. ఒకే జాబితాలో రెండు ప్రాంతాల రికార్డులుంటే తేదీ ఉన్నదున్నట్టు ఒక గడిలో, మార్చిన తేదీ ఇంకో గడిలో రాయండి. మార్చింది ఒక్కటే రాస్తే తప్పు దొర్లినప్పుడు సరిచూసే దారి ఉండదు. ఫర్మానాల మీద హిజ్రీ కూడా ఉంటది.

రెండోది డబ్బు. దావా విలువ హాలీ సిక్కా (నిజాం రూపాయి)లోనా, కల్దార్ (బ్రిటిష్ రూపాయి)లోనా? 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ 100 కల్దార్‌కు సమానం. రిజిస్టర్లో ఏది రాసి ఉంటే అదే ఎక్కించండి.

మూడోది భాష. 1880లలో కోర్టుల్లో పారసీ పోయి ఉర్దూ వచ్చింది, 1948 తర్వాత మెల్లగా ఇంగ్లీషు. శికస్తా (ఉర్దూ, పారసీ గొలుసుకట్టు) రాత చదివే మనిషి లేకుండా కట్టలు విప్పొద్దు. తప్పుగా చదివి పెట్టిన పేరు కంటే ఖాళీ గడి నయం. దక్కన్ లా రిపోర్ట్ ఉర్దూ సంపుటాలు ఎక్కడ కనిపించినా వదలకండి, 1950 తర్వాతివి ఏఐఆర్ హైదరాబాద్ వరుసలో దొరుకుతయి కానీ అంతకు ముందువి దొరకడం కష్టం.

ఇంకా, 1948కి ముందు కోర్టులన్నీ సర్కారువి కావు. పాయిగాలకు (నిజాం కింది పెద్ద నవాబుల ఎస్టేట్లకు), పెద్ద జాగీర్లకు సొంత అదాలత్‌లు. 1949లో సర్ఫేఖాస్ (నిజాం సొంత భూములు) సర్కారులో కలిసిపోయి, జాగీర్లు రద్దయినాక ఆ దఫ్తర్లు ఎటుపడితే అటు చేరినయి. కొంత తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో, కొంత అతియాత్ (ఈనాం, జాగీర్ హక్కుల విచారణ) వైపు, కొంత జిల్లా కోర్టుల్లో. 1956లో మరాఠ్వాడా జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయినప్పుడు ఇంకోసారి చీలిక.

ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనుకునేవాళ్లకు సి.ఎస్. (సివిల్ సూట్) 14/1958 చాలు. పాయిగా ఆస్తుల పంపకం దావా. 1955లో సిటీ సివిల్ కోర్టులో ఓ.ఎస్. 41గా మొదలై హైకోర్టుకు మారింది, 1963 జూన్ 28న ప్రిలిమినరీ డిక్రీ. దాని మీద పుట్టిన తగాదాల్లో సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పింది. ఆ షెడ్యూళ్లు, దరఖాస్తులు, ఉత్తర్వులు అసలు రూపంలో ఉన్నయా లేవా అన్నది హైదరాబాద్ చుట్టూ వేల ఎకరాల ప్రశ్న.

చెదలమందు
కట్టలు విప్పే ముందు కాగితం సంగతి.

ఎర్ర గుడ్డ మూటలు తీసేయండి. తడి తగిలితే ఆ రంగు కాగితంలోకి దిగుతుంది, మళ్లీ పోదు. బదులుగా రంగు వేయని నూలు గుడ్డ తెచ్చి, రెండుసార్లు ఉతికి గంజి వదిలించి వాడండి. గంజి ఉంటే పురుగును పిలిచి భోజనం పెట్టినట్టే. ఇనుప కొస ట్యాగులు, గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు మచ్చ చేస్తాయి, అక్కడే కాగితం తెగుతుంది. పిన్ను లాగొద్దు. కాగితం వెనక పలచటి ప్లాస్టిక్ ముక్క పెట్టి, కాళ్లు నిటారుగా లేపి, ముందు నుంచి తీయాలి. ట్యాగ్ బదులు అంగుళం వెడల్పు నూలు నాడా, ముడి పక్కకు వచ్చేలా కట్టండి.

సెల్లోటేప్ పట్టుకుని ఎవరైనా వస్తే గది బయటే ఆపండి. చిరుగుకు జపాన్ టిష్యూ, గోధుమ పిండి జిగురు. అంతకు మించి ఏదైనా శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి.

సిరాలు చూసుకోండి. 1960కి ముందు రాతలో ఎక్కువ ఇనుప సిరా, అది కాలక్రమేణా కాగితాన్ని తినేసి అక్షరం ఉన్నచోట చిల్లు పెడుతుంది. ఊదారంగు కాపీయింగ్ పెన్సిల్, రబ్బరు స్టాంపు సిరా నీటిచుక్క పడితే పారిపోతాయి. అందుకని తడి గుడ్డతో తుడవడం అనే మాటే వద్దు. మెత్తటి కుంచెతో మధ్య నుంచి అంచుకు, మాస్క్ కట్టుకుని. 1990ల ఫ్యాక్స్ కాగితాలు ఉంటే వాటిని అన్నిటికంటే ముందు స్కాన్ చేయండి, 1890ల చేతిరాత కంటే అవే ముందు మాసిపోతాయి.

థైమాల్ పొగ గురించి అడుగుతారని తెలుసు. పాత పద్ధతిలో ఘనపు మీటరుకు 100–150 గ్రాములు, కింద 40 వాట్ల బల్బు, రోజుకు 2 నుంచి 4 గంటలు, 6 నుంచి 10 రోజులు. బూజును చంపుతుంది నిజమే, కానీ మళ్లీ రాకుండా ఆపదు. ఆ ఆవిరి మనిషికి మంచిది కాదు, ఫోటోల దగ్గర వాడనే కూడదు. గాలి ఆడని గదిలో పొగ పెట్టి అదే గదిలో కట్టలు సర్దితే మూడు నెలల్లో మళ్లీ బూజే. ఉష్ణోగ్రత 22–25 డిగ్రీలు, తేమ 45–55 శాతం అని పుస్తకాల్లో ఉంటుంది. కోస్తాలో ఏసీ పగలు వేసి రాత్రి ఆపే ఆఫీసుల్లో అది ఇంకా చేటు. చల్లబడిన కాగితం మీద రాత్రి చెమ్మ చేరుతుంది. నిలకడగా నడపలేకపోతే ఏసీ వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాను, గోడకూ నేలకూ 15 సెంటీమీటర్ల ఎడంతో ఉక్కు ర్యాకులు, ఒక తేమ మీటరు, రోజూ రెండుసార్లు రీడింగ్ రాసే పుస్తకం, ఇవి చాలు.

నల్లకోటు
చాలా ఉపయోగపడే సమాచారం, కృతజ్ఞతలు. రెండు సందేహాలు. రికార్డు గదిలో గడువు తీరినవి త్వరలో ధ్వంసం చేస్తారట. వాటిలో పాతవి తీసి బార్‌కు ఇవ్వమని అడగొచ్చా? ఇక, ప్లీడర్ల ఇళ్ల నుంచి వచ్చే కట్టలు నేరుగా ప్రదర్శనలో పెట్టొచ్చా?

గుమాస్తాగిరి
మొదటిదానికి: నోటిమాట మీద ఒక్క కాగితం కూడా గది దాటకూడదు. జిల్లా జడ్జిగారు ఎంత సుముఖంగా ఉన్నా సరే. 1917 నాటి రికార్డుల ధ్వంస చట్టం కింద హైకోర్టు పెట్టిన నిబంధనల ప్రకారమే ఏది ఎన్నాళ్లు ఉంచాలో, ఎలా తీసేయాలో జరుగుతుంది. తీర్పు, డిక్రీ లాంటివాటికి ఒక లెక్క, సమన్లు, బట్వాడా కాగితాలు, వాయిదా పిటిషన్లకు ఇంకో లెక్క. కాబట్టి అడగాల్సింది కాగితాలు ఇమ్మని కాదు. జిల్లా జడ్జి ద్వారా హైకోర్టు రిజిస్ట్రార్‌కు లేఖ పెట్టండి. అందులో ఫలానా కోర్టు, ఫలానా సంవత్సరం వరకు ఉన్న రిజిస్టర్లనూ, జత చేసిన జాబితాలోని ఫైళ్లనూ చారిత్రక విలువ దృష్ట్యా ధ్వంసం నుంచి మినహాయించి కోర్టు అధీనంలోనే ఉంచమని కోరండి. జాబితా జత చేయకపోతే ఆ లేఖ ఫైల్లోనే నిద్రపోతుంది. జాబితా ముందు అని మొదటే చెప్పింది ఇందుకే.

జాబితాలోకి ఏవి ఎక్కించాలి అంటే, ప్రతి కోర్టుకూ ప్రతి పదో సంవత్సరం ఫైళ్లు పూర్తిగా, అది కాక ఈనాములు, దేవస్థానాలు, జమీందారీ, కుల కట్టుబాట్లు, కాలవలు, కార్మిక వివాదాల ఫైళ్లు ఏ సంవత్సరానివైనా. పేరున్న కేసులే ఏరితే మామూలు మనిషి కోర్టులో ఏం అడిగాడో మిగలదు.

ఎగ్జిబిట్లు వేరు. ఏ-1, బి-1 గుర్తులున్న అసలు దస్తావేజులు పార్టీలవి, వెనక్కి తీసుకునే హక్కు వాళ్లది. అవి ప్రదర్శనకు కుదరవు.

నల్లకోటు
పదో సంవత్సరం లెక్క బాగుంది. కానీ అప్పటికే ధ్వంసానికి నోటీసు పడి ఉంటే?

గుమాస్తాగిరి
నోటీసు గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి, రసీదు తీసుకోండి. జాబితా పూర్తికాకపోతే కోర్టు పేరు, సంవత్సరాలు, ర్యాక్ నంబర్లతో ఒక పేజీ చాలు. పూర్తి జాబితా తర్వాత జత చేయొచ్చు.

సెక్షన్126
రెండో ప్రశ్నకు నా పేరే జవాబు. వకీలుకు క్లయింటు చెప్పిన మాట, ఇచ్చిన కాగితం గోప్యం. సాక్ష్య చట్టంలో 126, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132. వకాలత్తు ముగిసినా ఆ బాధ్యత ముగియదని చట్టమే చెబుతుంది. వదులుకునే హక్కు క్లయింటుది, వకీలు కొడుకుది కాదు. అందుచేత కట్ట విప్పగానే మూడుగా విడదీయండి, కానీ ఏ కట్టలో ఏముందో జాబితాలో ఉండాలి.

కోర్టులో దాఖలైన వాటి నకళ్లు (ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంట్, అఫిడవిట్, తీర్పు) దాదాపు ఇబ్బంది లేనివి. వకీలు సొంత పుస్తకాలు, అంటే కేసు డైరీ, ఫీజు పుస్తకం, ఆర్గ్యుమెంట్ నోట్సు వారసుల అనుమతితో తీసుకోవచ్చు, అయితే క్లయింటు పేర్లు ఉన్నచోట చూసుకుని. క్లయింటు రాసిన ఉత్తరాలు, వకీలుకిచ్చిన సూచనలు, అసలు దస్తావేజులు, ఖాళీ సంతకాల కాగితాలు మాత్రం కవర్లో పెట్టి సీలు వేయండి. దస్తావేజులను కుటుంబాలకు తిరిగిచ్చే ప్రయత్నం చేయండి.

వాడని పాత స్టాంపు కాగితాలు దొరికితే వెంటనే లెక్కపెట్టి, ప్రతిదాని మీద అడ్డంగా "రద్దు" అని రాసి ఇద్దరు సంతకాలు పెట్టండి. పాత ఖాళీ స్టాంపు కాగితం మీద కొత్త దస్తావేజు పుట్టించేవాళ్లకు అది బంగారం. ప్రదర్శన అద్దాల పెట్టెలో అలాంటివి పెట్టడం దొంగను భోజనానికి పిలవడమే.

దానపత్రం తప్పనిసరి. ఎవరు, ఎవరి వకీలు ఆఫీసు నుంచి, ఏ ఇంట్లో ఎన్నాళ్లు ఉన్నవి, ఏ తేదీన ఇచ్చారు, అన్నీ రాయించుకోండి. ముప్పై ఏళ్లు దాటిన పత్రానికి చట్టం ఇచ్చే అనుకూలత (పాత 90, ఇప్పుడు 92) అది సరైన చోటి నుంచి వచ్చినప్పుడే. రేపు ఎవరైనా ఆ కాగితాన్ని కోర్టుకు పిలిపిస్తే మీరు చూపాల్సింది ఈ గొలుసే.

లైంగిక నేరాల బాధితుల పేర్లు, పిల్లల కేసులు, కుటుంబ కోర్టు ఫైళ్లు ఎంత పాతవైనా పేర్లతో బయట పెట్టొద్దు.

పిక్సెల్‌పంతులు
జాబితా అయ్యాక స్కానింగ్‌కు వచ్చినప్పుడు కాంట్రాక్టులో రాయించాల్సినవి చెబుతాను.

300 డీపీఐ, 24 బిట్ రంగు. మ్యాపులు, సన్నటి అచ్చు 400. "నలుపు తెలుపు చాలు, చవక" అంటారు, ఒప్పుకోకండి. ఎర్ర సిరా నోటు, ఊదా సీలు, నీలి సంతకం నలుపు తెలుపులో ఒక్కటైపోతాయి. ఫుల్‌స్కాప్ ఒక పుట 8.5 × 13.5 అంగుళాలు అనుకుంటే కుదించని ఫైలు దాదాపు 31 ఎంబీ. 200 పుటల కేసు 6 జీబీ పైమాటే. డిస్కుల బడ్జెట్ ఈ లెక్కన వేయండి. భద్రపరిచేది టిఫ్, చదవడానికి ఇచ్చేది పీడీఎఫ్/ఏ. రెండు డిస్కులు వేర్వేరు భవనాల్లో, మూడోది వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే అంకె) తీసి, ఏడాదికోసారి సరిచూడాలి. పెన్‌డ్రైవ్‌ను భద్రపరిచే సాధనంగా లెక్కవేయకండి.

ఫైలు పేరులో వరుస ఇలా: జిల్లా, కోర్టు, కేసు రకం, సంవత్సరం, ఆరంకెల కేసు నంబర్, నాలుగంకెల పుట. సున్నాలతో నింపాలి, లేకపోతే 10వ పుట 2 కంటే ముందొస్తుంది. ఇప్పటి కేసులకున్న 16 గుర్తుల సీఎన్ఆర్ (కేసు గుర్తింపు) నంబర్ పాతవాటికి ఉండదు, దాన్ని కల్పించకండి.

అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు వెనక పుటలు వదిలేయడం. ప్లెయింటు చివరి షీటు వెనక్కి తిప్పి చూడండి. డాకెట్, దాఖలు చేసిన తేదీ, ఆఫీసు పొట్టి సంతకాలు, "సరిచూసి రిజిస్టర్ చేయవచ్చు" లాంటి నోటు, కోర్టు సీలు అక్కడే ఉంటాయి. కోర్టు ఫీజు స్టాంపుల మీద బొమ్మ తలను పంచ్ చేసి ఉంటుంది, విలువ అంకె మాత్రం మిగిలేలా. ఆ చిల్లుతోనే స్టాంపు రద్దయినట్టు. ఆ స్టాంపులు సేకర్తలకు అమ్ముడుపోతాయి కాబట్టి ఏజెన్సీ మనుషులు పని చేసే గదిలో కోర్టు తరఫు మనిషి ఒకరు కూర్చోవాలి, లోపలికీ బయటికీ షీట్లు లెక్కపెట్టాలి.

పెళుసు కాగితం ఫీడర్లో పెట్టనివ్వకండి, పైనుంచి తీసే స్కానరే. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటరు చదవడం) అచ్చు తెలుగుకు పనికొస్తుంది, గొలుసుకట్టుకు రాదు. లిథో అచ్చు ఉర్దూ మీద ఆశ పెట్టుకోవద్దు.

కోర్టు రికార్డు గదిని బార్ డబ్బుతో స్కాన్ చేయించే ముందు హైకోర్టును అడగండి. ఈ-కోర్ట్స్ (కోర్టుల కంప్యూటరీకరణ పథకం) మూడో దశకు 2023లో కేటాయించిన 7,210 కోట్లలో 2,038 కోట్లు రికార్డుల స్కానింగ్‌కే. మీ కోర్టు వంతు వచ్చేదాకా బార్ డబ్బు మినిట్స్ పుస్తకాలకు, ఫోటోలకు, లా జర్నల్స్‌కు ఖర్చుపెట్టుకోవచ్చు.

బందరులడ్డు
ఒకటి అడ్డం పడుతున్నాను. ఇంతవరకు అంతా కాగితం మీదే మాట్లాడారు. కమిటీలో ఎక్కువమంది ఆసక్తి ఫోటోల మీద, పెద్ద జడ్జీల చిత్రపటాల మీద ఉంటుంది. అదీ అవసరమే కదా? ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మొదటి మహిళా న్యాయమూర్తి అమరేశ్వరి గారు 1978లో వచ్చారు, నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగ ముసాయిదా సంఘంలో ఉన్నారు. పిల్లలకు ఇవి చెప్పొద్దా?

మూసీఒడ్డు
చెప్పండి, ఎవరొద్దన్నరు. కానీ చిత్రపటం కాలిపోతే ఇంకో ఫోటో చూసి మళ్లీ గీయించొచ్చు. 2009 ఆగస్టు 31న హైదరాబాద్ హైకోర్టులో మంటలు లేచినప్పుడు లైబ్రరీ, చిత్రపటాలు రెండూ పోయినయి. 1920 ఏప్రిల్ 20న తెరిచిన ఆ భవనం రాయి నిలబడింది. మళ్లీ తెచ్చుకోలేనిది ఒక్క ప్రతే ఉన్న కాగితం. ఇప్పుడు బుద్వేల్‌లో కొత్త హైకోర్టు కడుతున్నరు, 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. సామాను తరలించేటప్పుడే ఎక్కువ పోతది. ఏ ర్యాకు ఏ లారీలో ఎక్కింది, ఎక్కడ దిగింది అన్న లెక్క ఇప్పటి నుంచే తయారు కావాలె. జిల్లాల్లో 2022లో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు వచ్చినప్పుడు కాగితాలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కదిలినయి, ఆ తరలింపు జాబితాలు కూడా ఇప్పుడు రికార్డే, వాటినీ దాచండి.

చెదలమందు
ఫోటోల గురించి నాలుగు మాటలు. బార్ హాల్లో ఎండ పడే గోడ నుంచి దించండి. అట్టకు అతికిన ఫోటోను ఊడదీయొద్దు, అట్ట కిందే స్టూడియో పేరు, సంవత్సరం ఉంటాయి. అద్దానికి ఫోటో అంటుకుపోయి ఉంటే లాగకుండా అద్దంతో సహా స్కాన్ చేయండి. పేర్లు రాసేటప్పుడు ఫోటో మీద కాదు, పలచటి కాగితం పరిచి తలల అవుట్‌లైన్ గీసి, అందులో నంబర్లు వేసి, పక్కన వరుసగా పేర్లు. పేరు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది కూడా రాయాలి. ఇద్దరు పెద్దలు ఒకే ముఖానికి రెండు పేర్లు చెబితే రెండూ ఉంచండి. బెంచీ మీద కూర్చున్నవాళ్లను అందరూ గుర్తుపడతారు. వెనక వరుసలో నిలబడ్డ గుమాస్తాలు, బంట్రోతుల పేర్లు తెలిసినవాళ్లు తక్కువ, ముందు అవి అడగండి.

వరద మాట కూడా. 2009 అక్టోబరులో కర్నూలు, 2024 సెప్టెంబరులో విజయవాడ మర్చిపోలేదు కదా. కింది అర నేల నుంచి అడుగున్నర ఎత్తుకు మార్చండి. కట్టలు తడిస్తే 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఎండలో పరచకండి, కాగితం ముడతలు పడి సిరా పారుతుంది. కొద్దిగా ఉంటే ఫ్యాను గాలి, మధ్యమధ్య బ్లాటింగ్ కాగితం. వందల కట్టలైతే గడ్డకట్టించి తర్వాత నెమ్మదిగా ఆరబెట్టాలి, అందుకు మైనస్ 20 డిగ్రీలు కావాలి. మిర్చి కోల్డ్ స్టోరేజీ అనగానే పరిగెత్తకండి, అక్కడ సున్నాకు పైనే ఉంటుంది, బూజు మందగిస్తుంది తప్ప ఆగదు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఆ చలి ఉంటుంది. ముందే ఒకరితో మాట్లాడి ఫోన్ నంబర్ రికార్డు గది తలుపు లోపలివైపు అతికించి ఉంచండి. కట్టలను విప్పకుండా, ఒక్కోదాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి, చేపల క్రేట్లలో ఒకే వరుసగా పేర్చి పంపాలి.

సెక్షన్126
పెద్దల జ్ఞాపకాలు రికార్డు చేసేటట్టయితే నా పాట మళ్లీ. కేసులో ఏం జరిగిందో చెప్పొచ్చు, క్లయింటు ఆంతరంగికంగా ఏం చెప్పాడో చెప్పకూడదు. మొదలుపెట్టే ముందే ఈ మాట ఆయనకు గుర్తుచేసి రికార్డు చేయండి. అంగీకార పత్రంలో మూడు ఎంపికలుండాలి: ఇప్పుడే వినొచ్చు, ఫలానా ఏడాది తర్వాత వినొచ్చు, పేరు లేకుండా వాడొచ్చు.

అడగాల్సినవి: సన్నద్ (వకీలుగా పని చేసే అనుమతి పత్రం) ఏ చట్టం కింద వచ్చింది, ఎవరి చాంబర్లో జూనియర్, మొదట్లో ఫీజు ఎలా ఇచ్చేవారు, వాయిదాలు ఎలా తెలిసేవి, తీర్పు నకలు ఎన్నాళ్లకు చేతికొచ్చేది, బార్ హాల్లో ఎవరు ఎక్కడ కూర్చునేవారు, ఆడవాళ్లకు ప్రత్యేక గది ఎప్పుడు వచ్చింది. "మీ కెరీర్లో మరపురాని కేసు" అని అడగకండి, వచ్చే జవాబు అందరికీ తెలిసిందే అయి ఉంటుంది. గుమాస్తాలను, టైపిస్టులను, అమీన్లను కూడా కూర్చోబెట్టండి. కోర్టు ఎలా నడిచేదో వాళ్లకే ఎక్కువ తెలుసు.

పిక్సెల్‌పంతులు
48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. గంటకు ఒక జీబీ పైన. మాట్లాడేవారికి ఒక మైకు, అడిగేవారికి ఒకటి. ఫ్యాను ఆపేయండి, ఏసీ అయినా సరే. వాట్సాప్‌లో పంపిన ఆడియోను అసలు ప్రతి అని దాచొద్దు.

నల్లకోటు
కమిటీ మీటింగ్‌లో చదివి వినిపించాను. స్కానింగ్ కొటేషన్ వాయిదా వేశారు. మినిట్స్ పుస్తకాలతో, సూట్ రిజిస్టర్లతో జాబితా మొదలుపెడుతున్నాం. ధ్వంసం నోటీసుకు అభ్యంతరం లేఖ, హైకోర్టుకు లేఖ, రెంటి ముసాయిదాలు ఇక్కడే పెడతాను. గుమాస్తాగిరి గారూ, మీరోసారి కలం పెట్టాలి. గొలుసుకట్టు బాగా చదివే పెద్దవాళ్లు ఎవరైనా గుంటూరు, కృష్ణా వైపు ఉంటే దయచేసి సందేశం పంపండి.

గుమాస్తాగిరి
పెట్టండి సర్, చూస్తాను. రెండు లేఖల్లోనూ "చారిత్రక" అన్న మాట ఒక్కసారి చాలు. రిజిస్టర్ నంబర్లు, సంవత్సరాలు, ర్యాకుల సంఖ్య మాత్రం ఒక్కటీ వదలకండి.